ఈ విషకన్య కథ ఇక నాకు పంపకండి

ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. 'చరిత్ర దాచిన రహస్యం: పోప్ కూతురే విషకన్య' అని హెడ్డింగ్, పక్కన పుర్రె బొమ్మ. 1492 నుంచి 1503 దాకా పోప్‌గా ఉన్న ఆరో అలెగ్జాండర్, ఆయన కొడుకు చేజరే బోర్జియా, కూతురు లుక్రెజియా గురించి అరడజను 'నిజాలు'. పంపేవాళ్లంతా బాగా చదువుకున్నవాళ్లే. సరే, అన్నీ చూద్దాం.

'బోర్జియాలే ఇటలీ మాఫియాకు మూలపురుషులు.' వాళ్లది స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతం. మాఫియా పుట్టింది సిసిలీలో, పంతొమ్మిదో శతాబ్దంలో. తర్వాతది.

'మనం చూసే ఏసు బొమ్మ నిజానికి చేజరే ముఖం.' చేజరే పుట్టింది 1475లో. సీనాయి కొండ దగ్గరి సెయింట్ కేథరిన్ మఠంలో గడ్డం, పొడుగు జుట్టుతో ఉన్న క్రీస్తు చిత్రం ఆరో శతాబ్దానిది. తొమ్మిది వందల ఏళ్ల ముందే చేజరేని చూసి గీశాడంటే ఆ చిత్రకారుడికి దివ్యదృష్టి ఉండాలి.

'1501 అక్టోబర్‌లో పోప్ ప్యాలెస్‌లో వేశ్యలతో విందు.' ఇది రాసిపెట్టింది పోప్ కొలువులోని బుర్కార్డ్ అనే అధికారే. నమ్మాలా వద్దా అన్నది చరిత్రకారులే ఇంకా తేల్చుకోలేదు. వదిలేద్దాం.

'పోప్ తాను కలిపిన విషం తానే తాగి చచ్చాడు.' వినడానికి బాగుంది, చేసుకున్నవాడికి చేసుకున్నంత. కానీ విషం కలిపారని చెప్పే విందు కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి మతాధికారి) అద్రియానో తోటలో జరిగింది 1503 ఆగస్టు మొదటి వారంలో. పోప్ మంచం పట్టింది 12న, పోయింది 18న. విందుకీ జబ్బుకీ మధ్య దాదాపు వారం. ఆ వేసవిలో రోమ్ నిండా మలేరియా. శవం ఉబ్బి నల్లబడిందట. ఆగస్టు ఎండల్లో ఇంకేమవుతుంది?

ఇక అసలుది. 'లుక్రెజియా ఉంగరంలో విషం దాచుకుని భర్తల్ని వరసగా చంపింది, తండ్రితో, అన్నతో సంబంధం పెట్టుకుంది. ఆడదానికి అధికారం ఇస్తే ఇంతే.'

వరసగానా? లెక్క చూద్దాం. మొదటి భర్త జొవాన్ని స్ఫోర్జా. 1493లో పెళ్లి, అప్పటికి ఆమెకు పదమూడేళ్లు. నాలుగేళ్లకు మిలాన్‌ను ఏలే స్ఫోర్జాలతో పోప్‌కు అవసరం తీరిపోయింది. అల్లుడు సంసారానికి పనికిరాడని తేల్చి పెళ్లి రద్దు చేయించాడు. నిజానికి లుక్రెజియా కంటే ముందు అతను చేసుకున్న భార్య కాన్పులోనే పోయింది! పరువు పోయిన స్ఫోర్జా మంటతో అన్న మాట, పోప్ కూతుర్ని తనకోసమే ఉంచుకున్నాడని. అయిదు వందల ఏళ్లుగా మీరు ఫార్వర్డ్ చేస్తున్న సంబంధం కథకు మొదలు అదే. ఆయనగారు మళ్లీ పెళ్లి చేసుకుని, కొడుకుని కని, 1510 దాకా బతికాడు.

రెండో భర్త నేపుల్స్ రాజవంశం కుర్రాడు అల్ఫాన్సో. 1500 జులైలో సెయింట్ పీటర్స్ మెట్ల మీద అతన్ని కత్తులతో పొడిచారు. కొన ఊపిరితో ఉన్న అతనికి సేవ చేసింది లుక్రెజియా, అతని అక్క సాంచా. ఎవరైనా విషం పెడతారేమోనని అతని తిండి వాళ్లే వండారు. మీ విషకన్య విషానికి భయపడి గరిటె పట్టుకుందన్నమాట. ఆగస్టు 18న చేజరే మనిషి మికెలెట్టో వచ్చి అతని గొంతు నులిమేశాడు. (మూడేళ్లకు పోప్ పోయింది కూడా అదే తేదీన. మెసేజ్ రాసినవాడికి తెలిసుంటే ఇంకో పాయింట్ పెట్టేవాడు.)

మూడో భర్త ఫెరారా యువరాజు అల్ఫాన్సో దెస్తే. 1519లో కాన్పు తర్వాత ముప్ఫై తొమ్మిదేళ్లకు ఆమె పోతే, అతను ఇంకో పదిహేనేళ్లు నిక్షేపంగా ఉన్నాడు. విషంతో పోయిన భర్తలు: సున్నా. ఆమె ఎవరికైనా విషం పెట్టిందనడానికే ఆధారం లేదు. ఆ రూపం జనంలో స్థిరపడింది 1833లో, ఒక ఫ్రెంచ్ నాటకంతో, దాని మీద అల్లిన ఇటాలియన్ ఒపేరాతో.

ఇక అధికారం సంగతి. పెళ్లి తండ్రి చేశాడు, రద్దూ తండ్రే చేయించాడు, హత్య అన్నయ్య మనిషి చేశాడు. ఇందులో ఆమెకిచ్చిన అధికారం ఏదో పంపినవాళ్లు చెప్పాలి. నిజంగా ఇచ్చినప్పుడు ఏం చేసిందో అంటారా, భర్త యుద్ధాలకు వెళ్తే ఫెరారా పాలన చూసింది, జనం అర్జీలు వింది, చిత్తడి నేలలు ఎండగట్టించి సాగులోకి తెచ్చింది. దీనికి పుర్రె బొమ్మ నప్పదు, అందుకే మెసేజ్‌లో లేదు.

బోర్జియాలను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. విషం విషయంలో ఒకటి నేనే ఒప్పుకుంటాను. 1503 ఏప్రిల్‌లో జొవాన్ని మికియెల్ అనే ధనవంతుడైన కార్డినల్ పోయాడు, ఆస్తి పోప్ చేతికి వెళ్లింది. తర్వాత జూలియస్ పోప్ హయాంలో మికియెల్ సేవకుడు విషం పెట్టింది తానేనని ఒప్పుకున్నాడు. జూలియస్ బోర్జియాలకు బద్ధశత్రువు, ఆ రోజుల్లో విచారణలు ఎలా జరిగేవో తెలిసిందే. అయినా ఈ ఒక్క కేసు నేను నమ్ముతాను. చేజరే యుద్ధాలకు అప్పుడు డబ్బు కావాలి. కానీ ఇంత పొడుగు మెసేజ్‌లో మికియెల్ పేరు ఒక్కచోటా లేదు.