రాతకోతలకే సరిపోతున్న డ్యూటీ

మా అన్నయ్య ఒక పోలీసు స్టేషన్‌లో రైటరుగా పనిచేసే హెడ్ కానిస్టేబుల్. ఆయన చేతిలో లాఠీ కన్నా పెన్నే ఎక్కువగా కనిపిస్తుంది. మోటారుసైకిలు పోయిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఎఫ్ఐఆర్ నమోదు చేసి, జనరల్ డైరీలో ఎక్కించి, మేజిస్ట్రేటుకు ప్రతి పంపి, పంచనామా రాసి, ఏ రోజు దర్యాప్తును ఆ రోజే కేసు డైరీకి ఎక్కించేసరికి, బండిని వెతకవలసిన పూట కాస్తా గడిచిపోతుంది. నేరాల, నేరస్థుల వివరాలను కంప్యూటరుకు ఎక్కించే పోలీసు నెట్‌వర్కు సీసీటీఎన్ఎస్ వచ్చాక రాత తగ్గుతుందని ఆశపడ్డాము. కంప్యూటరులో ఉన్నదే రిజిస్టరులోనూ ఉండాలన్న పట్టింపు మాత్రం ఆయన స్టేషన్‌లో ఇంకా పోలేదు. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ ప్రక్రియ చట్టం) స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, సోదాలను వీడియో తీయాలని, దర్యాప్తు పురోగతిని 90 రోజులలోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాలని చెబుతోంది. రెండూ న్యాయమైనవే, కాదనను. అయితే ఆ పనికి అదనంగా ఒక్క మనిషినైనా ఇచ్చారా? పైగా ఒకే నెలవారీ లెక్కను ముగ్గురు అధికారులు మూడు నమూనాలలో అడుగుతారు, అదీ సాయంత్రంలోగా! మొన్న పండుగ బందోబస్తు ముగించుకుని అర్ధరాత్రి దాటాక బయలుదేరిన అన్నయ్య, ఇంటికి రాకుండా నేరుగా స్టేషన్‌కే వెళ్లి, తెల్లవారేదాకా ఆ నమూనాలే నింపారు.