గుర్రం సంతకం పెట్టలేదు

మహబూబ్‌నగర్ కోర్టు ముందు బల్ల వేసుకుని కాగితాలు రాసి పెట్టే పని నాది. పొలం మీద, ఇంటి మీద, అన్నదమ్ముల మధ్య గోడ మీద ఎన్నో రాశాను. గుర్రం మీద రాయడం మాత్రం ఈ మాఘంలోనే మొదలు. పార్టీ మా బామ్మర్దే.

ఫోన్‌లో వీడియోలు చూసి చూసి వాడికి గుర్రపు స్వారీ మీద మనసైంది. "రేసు కాదు బావా, ఎండ్యూరెన్స్. గుట్టలు, వాగులు దాటుకుంట 40, 80, 160 కిలోమీటర్లు పోవాలె" అన్నాడు. కాలిఫోర్నియాలో 1955లో మొదలైన టెవిస్ కప్‌లో నూరు మైళ్లు 24 గంటల్లో పూర్తి చేయాలట. వాడికి పాస్‌పోర్టు లేదు కాబట్టి కోయిల్‌సాగర్ దాకా అనుకున్నాడు. గుర్రమూ లేదు కాబట్టి పెళ్లి ఊరేగింపులకు వచ్చే గుర్రాన్ని కిరాయికి మాట్లాడాడు. మన చెరువుల్లో గుర్రపుడెక్క తప్ప దారిలో గుర్రం డెక్క కనబడని కాలంలో అది దొరకడమే గొప్ప.

గుర్రం ఓనరు రాతపూర్వకంగా కావాలన్నాడు. నేను అలవాటు ప్రకారం "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు స్వారీలో ఏమి జరిగినను పూర్తి బాధ్యత నాదే" అని రాశాను. బామ్మర్ది చదివి మొహం మాడ్చుకున్నాడు.

"నాదే అని రాస్తే ఎట్ల బావా? ఎవరికీ బాధ్యత లేదని రాయి."

ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత స్పష్టమైన న్యాయసూత్రం నేను వినలేదు. ఆలోచిస్తే వాడిదేం కొత్త మాట కాదు. సైకిల్ స్టాండులో "వాహనానికి మేము బాధ్యులం కాము". బస్సులో "మీ సామానుకు మీరే బాధ్యులు". ఫంక్షన్ హాల్లో చెప్పుల దగ్గర కూడా అదే బోర్డు. అమెరికా మాత్రం తక్కువ తిన్నదా? అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇందుకు చట్టాలే ఉన్నాయి. గుర్రమన్నాక బెదురుతుంది, తంతుంది, పడేస్తుంది, ఆ సహజమైన ప్రమాదాలకు శాల యజమానిని కోర్టుకు లాగొద్దని. కాకపోతే అక్కడ కూడా తెగిన జీను కట్టి ఇచ్చి చట్టం చాటున దాక్కోవడం కుదరదు. ఈ ముక్క మా వాడికి చెప్తే "ఆ లైను వద్దు" అన్నాడు.

రాస్తూ ఉంటే నాకో వృత్తిపరమైన టెన్షన్ పట్టుకుంది. ఇందులో సంతకం పెట్టనివాళ్లు ముగ్గురున్నారు. ఎదురుగా బైకు మీద వచ్చేవాడు, దారి పక్కన పల్లిచేను రైతు, గుర్రం. మొదటి ఇద్దరి సంగతి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ చూసుకుంటుంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడనివాడికి ఆరు నెలల దాకా జైలు రాసి ఉంది అందులో. నా స్టాంపు పేపరు దాని ముందు చాక్లెట్ కాగితం. మూడోదాని గోడు ఎవరు వింటారు?

ఆ ఎండ్యూరెన్స్ పోటీల్లో వింటారట. అదొక్కటే నాకు నచ్చింది. మధ్యమధ్య గుర్రాన్ని ఆపి పశువైద్యులు చూస్తారు. గుండె సాధారణంగా నిమిషానికి 64కి దిగాలి, అదీ వాళ్లిచ్చిన గడువులోనే. తోలు గిల్లి ఒంట్లో నీళ్లున్నాయా చూస్తారు, కడుపు చప్పుడు వింటారు, పరుగెత్తించి కుంటుతోందా అని కనిపెడతారు. ఏ ఒక్కటి తేడా వచ్చినా స్వారీ అక్కడితో సరి. గీత దాటాక కూడా గుర్రం ఇంకా నడవగల స్థితిలో లేకపోతే వచ్చిందంతా రాలేదనే లెక్క. ఎక్కినవాడు ఎంత పెద్దవాడైనా, ఎన్ని కాగితాలు రాయించినా నాడి మాత్రం అబద్ధం చెప్పదు. ఈ తనిఖీకి మనవాడు చేసిన ఏర్పాటు రెండు కట్టల గడ్డి, ఒక బకెట్.

స్వారీ దేవరకద్ర కూడా చేరలేదు. దారిలో ఎక్కడో పెళ్లి బ్యాండు మోగింది. గుర్రం ఆగి, తల ఊపి, రెండు కాళ్లు ఎత్తి ఆడటం మొదలుపెట్టింది. దాని సర్వీసు అంతా నేర్చుకున్నది అదే మరి. బామ్మర్ది మడమలతో పొడిచాడు. అది నేరుగా పల్లిచేలోకి దిగింది. వాడు గుర్రం కంటే ముందే దిగాడు.

సాయంత్రం భుజానికి కట్టుతో వచ్చాడు. తప్పు గుర్రానిది, ఆ తర్వాత బ్యాండుది, ఆ తర్వాత రోడ్డు పక్కనే చేను వేసుకున్న రైతుది. చివరికి నాది, "గట్టిగ రాయలేదు" కాబట్టి. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడికి కనీసం మద్దెల ఒక్కటే. రైతు నష్టం కట్టమని ఇంటికొచ్చాడు, ఓనరు జీను డబ్బులు అడుగుతున్నాడు. ఆ ఓనరు మాత్రం గుర్రానికి గాయం కాలేదని నాలుగు కాళ్లూ తడిమి చూసుకున్నాకే మాట్లాడాడట.

"బావా, ఇంకో అఫిడవిట్ రాయి."

"ఏమని?"

"అసలు నేను ఆ రోజు గుర్రమే ఎక్కలేదని."

పాత తారీఖు వేయాలట. రాయనంటే మా ఆవిడ ఊరుకోదు. ఒక్క షరతు పెట్టాను, కింద "వ్రాసినవారు" అన్న చోట నా పేరు ఉండొద్దని.