మామయ్యగారి పంచె

ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ పీకించి, దాని బదులు కరెంటుతో నడిచే హీట్ పంపు పెట్టించాక నాకో జబ్బు పట్టుకుంది. లేవగానే దేవుడి పటం కంటే ముందు ఫోన్‌లో సీఓపీ చూసుకోవడం. ఒక యూనిట్ కరెంటు తాగి ఎన్ని యూనిట్ల వేడి ఇస్తోందన్న లెక్క అది. ఓరోజు 3.6 వచ్చింది. పరుగెత్తుకెళ్లి మా ఆవిడకి చెప్తే "అయితే?" అంది.

అయితే ఏమిటంటే, మేముండే ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో కరెంటు యూనిట్ గ్యాస్ యూనిట్ కంటే దాదాపు నాలుగు రెట్లు ఖరీదు. ప్రభుత్వం 7,500 పౌండ్లు గ్రాంటు ఇచ్చినా మిగతాది నా జేబులోంచే పోయింది. సీఓపీ మూడుకి దిగిందంటే "పాత బాయిలరే నయం కదా" అన్న మాట పడాలి. అంచేత చదివాను, నేర్చుకున్నాను, గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లకి వెళ్లే నీళ్లని 55 డిగ్రీల నుంచి 38కి దించాను. నీళ్లెంత గోరువెచ్చగా ఉంటే పంపుకంత సుఖం. సన్నసెగ మీద పాలు కాచినట్టు రోజంతా ఆపకుండా నడపాలి, అంతే.

జనవరిలో తెనాలి నుంచి అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చారు. అత్తయ్యగారు రేడియేటర్ మీద చెయ్యేసి, జ్వరం చూసినట్టు చూసి, "ఏమే, ఇది చెడిపోయినట్టుంది, అల్లుడుగారికి చెప్పు" అన్నారు. అల్లుడుగారు పక్కనే నిలబడి ఉన్నారు.

ఆ గురువారం ఆఫీసులో మీటింగ్. బల్లకింద ఫోన్ తెరిస్తే 3.4. పన్నెండింటికి 2.9. ఒంటిగంటకి 2.1! బయట 2 డిగ్రీలు, ముసురు. పొడిచలి కన్నా ఈ తడిచలే దీనికి శత్రువు. గాలిలో తేమ బయటి యూనిట్ రేకుల మీద మంచై పేరుకుంటుంది. అప్పుడది కాసేపు తిరగబడి, ఇంట్లోకి ఇచ్చిన వేడిలోంచే కాస్త వెనక్కి లాక్కుని మంచు కరిగించుకుంటుంది. డీఫ్రాస్ట్ అంటారు. గంటకోసారి జరిగితే పర్లేదు. మాది ఇరవై నిమిషాలకోసారి తిరగబడుతోంది.

సెట్టింగు తగ్గించాను. పెంచాను. మళ్లీ తగ్గించాను. చివరికి బిగించినతనికి ఫోన్ చేసి, ఇంగ్లీషులో మర్యాదగా ఎంత తిట్టొచ్చో అంతా తిట్టాను. అతను ఓపిగ్గా విని "యూనిట్ చుట్టూ ఏమైనా అడ్డం ఉందా?" అన్నాడు. ఎవరితో మాట్లాడుతున్నావోయ్ అన్నట్టు నవ్వాను.

ఇంటికెళ్లేసరికి చీకటి. పెరట్లోకి వెళ్లి టార్చి వేశాను. యూనిట్‌కి ఆనించి బట్టల స్టాండు. దానిమీద రెండు నేతచీరలు, అట్టముక్కల్లా నిలబడి ఉన్నాయి. యూనిట్ నెత్తిన మామయ్యగారి పంచె. దాని రెండో కొస వెనకవైపు గాలి పీల్చే చోటికి లాక్కుపోయి, రేకులకి మంచుతో అతుక్కుపోయింది.

"తెనాలిలో ఏసీ బయటిపెట్టె ముందు వేస్తే అరగంటలో కరకరలాడేవే!" అన్నారు అత్తయ్యగారు.

మామయ్యగారు చీర కొస వంచి చూశారు. టప్‌మంది. "ఇవీ కరకరలాడుతున్నాయిగా" అన్నారు.

చలిలో నిలబడి అత్తయ్యగారికి వివరించాను. ఏసీ ఇంట్లో వేడిని బయటికి తోస్తుంది. ఇది బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ పిండి ఇంట్లోకి తెస్తుంది. అందుకే దీని ముందుకొచ్చేది బయటి గాలికన్నా చల్లటి గాలి. ఆవిడ పాపం శ్రద్ధగా విన్నారు.

పంచె మాత్రం రాలేదు. బలంగా లాగితే రేకులు వంగుతాయి. ఇక ఒకటే దారి, డీఫ్రాస్ట్ దాకా ఆగడం. మొదటిసారి నాకా దిక్కుమాలిన డీఫ్రాస్ట్ కావాల్సొచ్చింది, అది మాత్రం అప్పుడే భీష్మించుకుంది. నలుగురం కోట్లేసుకుని, టీ కప్పులు పట్టుకుని, యూనిట్ ముందు ప్రసాదానికి నిలబడ్డట్టు నిలబడ్డాం. పదిహేను నిమిషాలకి ఫ్యాను ఆగింది. బుస్సుమంది. ఆవిరి లేచింది, కింద నీళ్లు కారాయి. పంచె మెల్లగా జారి మామయ్యగారి చేతుల్లో పడింది.

"స్నానం చేయించి మరీ పంపిందండీ" అన్నారాయన, పిండుతూ.

స్టాండు లోపల పెట్టించి, ఫోన్ చూసుకున్నాను. అంకె నెమ్మదిగా ఎక్కుతోంది. ప్రాణం లేచొచ్చింది. వెనక అత్తయ్యగారు మా ఆవిడతో అంటున్నారు:

"అయితే ఫ్రిజ్‌లో పట్టని ఆ దోసెలపిండి గిన్నె దీని ముందు పెట్టుకోవచ్చన్నమాట. మూత గట్టిగా ఉందో లేదో చూడు."