మస్టాంగ్ జీటీకి సూపర్‌ఛార్జరే ఎందుకు మేలంటున్నాను

టెక్సాస్‌లో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ జీటీ కారు కొనుక్కున్న మన తెలుగు మిత్రులు, ఇంకాస్త శక్తి కావాలంటే టర్బో పెట్టించాలా సూపర్‌ఛార్జర్ పెట్టించాలా అని అడిగినప్పుడల్లా, చర్చ గరిష్ఠ హార్స్‌పవర్ దగ్గర మొదలై అక్కడే ముగిసిపోతోంది. ఇంజిన్ శక్తిని కొలిచే డైనో యంత్రం ఇచ్చిన కాగితం మీద పెద్ద అంకె కనబడితే చాలు, అదే మంచి ఎంపిక అనుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. రోజూ రోడ్డు మీద తిరిగే కారులో, యాక్సిలరేటర్ తొక్కాక ఎంతసేపటికి, ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, అందుతుందన్నదే అసలు ప్రశ్న.

ఇంజిన్ తనంతట తాను పీల్చుకోగలిగిన దానికన్నా ఎక్కువ గాలిని సిలిండర్లలోకి నెట్టడమే రెండింటి పని. సూపర్‌ఛార్జర్‌ను క్రాంక్‌షాఫ్ట్ నుంచి వచ్చే బెల్టు తిప్పుతుంది, టర్బోను ఎగ్జాస్ట్ వాయువులు తిప్పుతాయి. బెల్టు మింగే శక్తి తక్కువేమీ కాదు. 707 హార్స్‌పవర్ డాడ్జ్ హెల్‌క్యాట్‌లో సూపర్‌ఛార్జర్ తిరగడానికే గరిష్ఠంగా 80 హార్స్‌పవర్ దాకా ఖర్చవుతుంది. టర్బో వృథాగా పోయే శక్తిని వాడుకుంటుంది గనుక సామర్థ్యంలో దానిదే పైచేయి, కానీ టర్బైన్ అడ్డుగా ఉండటం వల్ల ఎగ్జాస్ట్‌లో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఆ శక్తి పూర్తిగా ఉచితమనడం సరికాదు.

అయినా నేను సూపర్‌ఛార్జర్ వైపే మొగ్గుతాను. 2018 మోడల్ మస్టాంగ్ జీటీలోని కయోటీ అనే 5 లీటర్ల ఇంజిన్ ఏ సాయమూ లేకుండానే 460 హార్స్‌పవర్ ఇస్తుంది. దానికి ట్విన్‌స్క్రూ రకం (రెండు మరల మధ్య గాలిని అదిమే) సూపర్‌ఛార్జర్ జతచేస్తే తక్కువ ఆర్‌పీఎం నుంచే బూస్ట్, అంటే అదనపు గాలి ఒత్తిడి, అందుతుంది, పాదం ఎంత కదిలితే ఇంజిన్ అంతే బదులిస్తుంది. చక్రంలా తిరుగుతూ గాలిని బయటికి విసిరే సెంట్రిఫ్యూగల్ రకానికి మాత్రం ఈ మాట వర్తించదు. దాని బూస్ట్ ఆర్‌పీఎంతో పాటే పెరుగుతుంది కనుక కింది వేగాల్లో దాని నుంచి పెద్దగా ఆశించలేం. కిట్ కొనేముందు ఈ తేడా అడిగి తెలుసుకునేవారు చాలా తక్కువమంది.

అన్నిటికన్నా తీవ్రంగా ఆలోచించవలసింది వేడి గురించి. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, 35 డిగ్రీల గాలిని 8 పీఎస్ఐ బూస్ట్‌కు అదిమేసరికి దాని ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటుతుంది. కయోటీ కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలిని అదిమే మోతాదు) అసలే ఎక్కువ, 12:1 కాబట్టి, ఆ వేడి గాలిని ఇంటర్‌కూలర్ చల్లబరచలేకపోతే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) ముప్పు వెంటనే ఎదురవుతుంది, దాన్ని తప్పించడానికి ఇంజిన్‌ను నడిపే కంప్యూటరైన ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ పడే క్షణాన్ని) వెనక్కి జరుపుతుంది, కొన్న శక్తి కళ్లముందే కరిగిపోతుంది. ట్విన్‌స్క్రూ యూనిట్ ఇంజిన్ నెత్తినే కూర్చుంటుంది. డల్లాస్ ఎండలో ట్రాక్ మీద వరుసగా ల్యాపులు కొడితే అది వేడెక్కి నీరసించడం ఖాయం. అందువల్ల ట్రాక్‌ డేలకే కారును అంకితం చేసేవారికి, ముందు భాగంలో పెద్ద ఇంటర్‌కూలర్ అమర్చిన టర్బోలే నయమని ఒప్పుకుంటాను.

కార్వెట్ జెడ్‌ఆర్1 సంగతేమిటని కొందరు వాదిస్తారు. 2019లో 755 హార్స్‌పవర్ ఇచ్చిన దాని సూపర్‌ఛార్జ్‌డ్ వీ8 స్థానంలో, తరువాతి తరంలో 1,064 హార్స్‌పవర్ ఇచ్చే ట్విన్‌టర్బో 5.5 లీటర్ల ఇంజిన్ వచ్చిన మాట నిజమే. అయితే అక్కడ ఇంజిన్‌ను, ఎగ్జాస్ట్‌ను, శీతలీకరణను టర్బోల కోసమే కంపెనీ రూపొందించింది. పూర్తయిన కారుకు బయటి నుంచి కిట్ బిగించే మనకు ఆ సౌలభ్యం లేదు. టర్బో కిట్ అంటే వేడి గొట్టాలన్నిటికీ కొత్తగా చోటు వెతకడమే, ఆ పక్కనున్న వైర్లకూ రబ్బరు గొట్టాలకూ రక్షణ కల్పించడమే.

రెండింటిలో ఏది ఎంచుకున్నా, కయోటీలో ఆయిల్ పంప్ గేర్లను ముందుగా మార్పించండి. లోహపు పొడిని అదిమి చేసిన ఆ గేర్లు అధిక ఆర్‌పీఎం దగ్గర పగిలే ప్రమాదం ఉంది, పగిలితే ఆయిల్ ఒత్తిడి పడిపోయి ఇంజిన్ మొత్తం పోతుంది. బడ్జెట్‌లో వాటికి చోటు లేదంటే, చోటు దొరికేదాకా బూస్ట్ ఆలోచన వాయిదా వేయండి.