కొండ అడవిలో టేపు పట్టేవాళ్లు కావాలి

జూన్ వచ్చిందంటే బెంగళూరులో కంపెనీలు మొక్కలు నాటిస్తాయి, ఇన్ని మొక్కలకు ఇన్ని టన్నుల కార్బన్ అని బోర్డులు పెడతాయి, మన తెలుగువాళ్లు కూడా టీషర్టులు వేసుకుని ఫొటోలు దిగుతారు. నాటడం మంచిదే, వద్దనం. కానీ ఇక్కణ్నుంచి ఒక రాత్రి బస్సు ప్రయాణం చేస్తే వచ్చే పశ్చిమ కనుమల్లో, ఎవరూ నాటకుండానే వందల ఏళ్లుగా నిలబడి ఉన్న రక్షిత అడవుల్లో ఎంత కార్బన్ ఉందో కొలిచే పని మీద ఇందులో పదో వంతు శ్రద్ధ కూడా కనిపించదు. ఇది మాకు మింగుడుపడటం లేదు.

కొలవకపోతే లెక్క ఎంత తప్పుతుందో ఆఫ్రికాలో తేలింది. అక్కడ 12 దేశాల్లో 44 కొండ ప్రాంతాల అడవులను కొలిచి 2021లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ప్రకటించారు: నేల పైన ఉన్న చెట్లలోనే హెక్టారుకు సగటున 149.4 టన్నుల కార్బన్. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం ఐపీసీసీ అలాంటి అడవులకు వాడమన్న అంకె 89.3. కొండ మీద చెట్లు పొట్టివి, వాటిలో ఏముంటుందిలే అనుకున్నచోట అంత నిల్వ బయటపడింది.

ఈ కొలత ఆఫీసులో కూర్చుని తేల్చేది కాదు. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో, నాచు తుడిచి, తీగలు పక్కకు ఎత్తి వాటి కింద నుంచి మాను చుట్టూ టేపు లాగాలి. మొదలు దగ్గర వేర్లు గోడల్లా ఉబ్బిన చెట్టయితే ఆ ఉబ్బు దాటాక కొలవాలి. కొలిచిన చోట రంగు గుర్తు పెట్టాలి, లేకపోతే మళ్లీ వచ్చినప్పుడు చెట్టు పెరిగిందో టేపు జరిగిందో తెలియదు. ఎత్తు, చెక్క సాంద్రత కూడా కావాలి, ఎందుకంటే ఒకే లావున్న నాగకేసరం, బూరుగు మానుల్లో కార్బన్ ఒక్కటి కాదు. ఇక వాలు సంగతి: 30 డిగ్రీల వాలు వెంట 100 మీటర్లు టేపు పరిస్తే మ్యాపులో అది దాదాపు 87 మీటర్లే, ఆ సవరణ మర్చిపోతే హెక్టారు లెక్క మొత్తం తక్కువగా వస్తుంది.

ఉపగ్రహాలు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, 2025 జులైలో మన శ్రీహరికోట నుంచే నేలను రాడార్‌తో చూసే నైసార్ ఉపగ్రహం వెళ్లింది, గర్వంగానే ఉంది. అయితే అడవి బాగా చిక్కబడ్డాక ఆ రాడార్ సంకేతం ఇక పెరగదు, నిటారు వాలుల్లో కొంత భాగం దానికి సరిగ్గా కనిపించదు, అందుకే అది చెప్పే అంకెను నేల మీద కొలిచిన ప్లాట్లతో, అంటే హద్దులు గీసి చెట్లు లెక్కపెట్టిన అడవి ముక్కలతో, సరిచూడక తప్పదు. 1988లో మన బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలు తమిళనాడులోని ముదుమలైలో 50 హెక్టార్ల ప్లాటు వేసి, సెంటీమీటరు లావున్న మొక్కను కూడా వదలకుండా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అది ఆకురాల్చే అడవి. అంత ఓపిక కొండల పైన గడ్డిమైదానాల మధ్య పొట్టి చెట్లతో ఉండే షోలా అడవులకూ, కర్ణాటకలో కుద్రేముఖ్, నీలగిరుల్లో ముకుర్తి లాంటి చోట్లకూ కావాలి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, గట్టిగా చెప్పాలి. చెట్లలో కార్బన్ ఒక్కటే చూస్తే షోలాల పక్కనున్న గడ్డిమైదానాలు ఖాళీ జాగాలా కనిపిస్తాయి. నీలగిరుల్లో అలాగే అనుకుని వాటిల్ (బయటి నుంచి తెచ్చిన తుమ్మ జాతి చెట్టు), యూకలిప్టస్, పైన్ వేశారు. వాటిల్ ఇప్పుడు దానంతటదే పాకిపోతుంటే పీకించడానికి మళ్లీ ఖర్చు పెట్టాల్సి వస్తోంది. కార్బన్ ఉండేది మానులో మాత్రమే కాదు కదా! దేశం మొత్తం అడవుల కార్బన్ 728 కోట్ల టన్నులని 2023 అటవీ నివేదిక చెప్పింది, అందులో సగానికి పైగా మట్టిదే. గడ్డి కింద మట్టిని తవ్వి పరీక్షించకుండా అక్కడ చెట్లు నాటి కార్బన్ పెంచామంటే మేము ఒప్పుకోం. ఈ కొండలు మనకు సంబంధం లేనివి కావు: కావేరి పుట్టింది ఈ కనుమల్లోనే, బెంగళూరులో మన కుళాయిల్లో వచ్చేది ఆ నీళ్లే.

అడిగేది పెద్దదేం కాదు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద మొక్కలకు పెట్టే సీఎస్ఆర్ డబ్బులో ఒక వాటా పాత ప్లాట్లను ఐదేళ్లకోసారి తిరిగి కొలవడానికి కేటాయించండి. కర్ణాటకలోని బీఆర్ హిల్స్‌లో ఉండే సోలిగ గిరిజనుల్లాగా అడవిలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ పని రోజుకూలీగా కాకుండా నెలజీతం మీద ఇవ్వండి. కొలతలన్నీ, మట్టివి కూడా, ఎవరైనా చూసుకునేలా కర్ణాటక, తమిళనాడు అటవీ శాఖలు బయట పెట్టాలి, ఆ కొండల పేరు మీద ఎవరైనా కార్బన్ క్రెడిట్ (ఇంత కార్బన్ నిల్వ చేశామని చెప్పి అమ్ముకునే లెక్క) అమ్మకముందే.