సవరణ: కొత్త ట్యాంకులో చేపలు, ఫిల్టర్ కడగడం

మొన్న కొత్త అక్వేరియం గురించి రాస్తూ "నీళ్లు నింపి ఒక రోజు ఆగితే చాలు, చేపలు వేసేయొచ్చు, ఫిల్టర్‌లోని స్పాంజిని వారానికోసారి కుళాయి కింద శుభ్రంగా కడగండి" అన్నాను. రెండూ తప్పే, సారీ.

ఒక రోజు ఆగితే పోయేది క్లోరిన్ మాత్రమే, అదీ క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్రిమిసంహారక మందు) కలిపిన నీళ్లయితే అలా పోదు, డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను విరిచే మందు) వేయాల్సిందే. అసలు సమస్య అమ్మోనియా. చేపలు వదిలే వ్యర్థాల నుంచీ, తినకుండా మిగిలి కుళ్లే మేత నుంచీ అది పుడుతుంది, దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది మోతాదు మించనంతవరకు పర్లేదు. ఈ బ్యాక్టీరియా స్పాంజిలో స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. కుళాయి కింద కడిగితే క్లోరిన్ దెబ్బకి అది చచ్చి కథ మళ్లీ మొదటికొస్తుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్ల బకెట్లోనే రెండుసార్లు పిండండి, గోధుమరంగు జిగురు కొంచెం మిగిలినా ఏం కాదు (చూడ్డానికి అసహ్యమే, కానీ మనకు కావాల్సింది అందులోనే ఉంది).

ఇప్పటికే చేపలు వేసేసినవాళ్లు టెన్షన్ పడకండి. మేత బాగా తగ్గించి, టెస్ట్ కిట్‌తో రోజూ చూస్తూ, అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే పావు వంతు నీళ్లు మార్చండి. నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా అని నమ్మొద్దు, అమ్మోనియాకు రంగుండదు. చేప పైకొచ్చి నోరు తెరుస్తూ, మొప్పలు గబగబా ఆడిస్తుంటే మాత్రం కిట్ వెతుక్కోకుండా ముందు నీళ్లు మార్చండి.