మహారాజశ్రీ సెకుకినుమాబ్ ఇంజెక్షన్ గారికి

ఉభయకుశలోపరి. తమరు ఫ్రిజ్‌లో క్షేమం, నా మోచేతులూ క్షేమమే. సోరియాసిస్ అనే చర్మజబ్బు పొట్టు రాలక నల్లచొక్కా తొడుక్కోగలుగుతున్నాను. కాబట్టి ఇది ఫిర్యాదు అనుకోకండి. ఫిర్యాదే అనుకోండి.

తమకు జరిగే మర్యాదలు కొత్తల్లుడికి కూడా జరగవు. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే శయనం. గడ్డకడితే పనికిరారు, కుదిపితే పడదు, వెలుతురు అసలే గిట్టదు. బయటికి తీశాక అరగంటో ముప్పావుగంటో ఆగాలి. వేడినీళ్లలో పెట్టి తొందరపెడదామంటే అదీ కుదరదు. కరెంటు పోతే ఇంట్లో వాళ్లకన్నా ముందు తమర్నే పరామర్శిస్తున్నాం.

పోనీ మాత్రగా రండి అంటే రారు. ప్రొటీన్ కదా, పొట్టలో అరిగిపోతారు! అందుకే పెన్ను లాంటి సూదిమందు గొట్టమెక్కి తొడ మీదికి దిగుతారు. నొక్కగానే ఒక ‘టక్’. కిటికీలో ఆకుపచ్చ రంగు మెల్లగా నిండుతుంది. ఇంకో ‘టక్’. ఆ రెండింటి మధ్యా ఊపిరి బిగబట్టేది నేను.

గడప తొక్కకముందే నాలో క్షయ దాక్కుందేమోనని పరీక్ష చేయించారు. మరి తమ పుట్టుపూర్వోత్తరాలు నేనూ అడగొచ్చుగా? తమరు యాంటీబాడీ, అంటే ఒక్క లక్ష్యాన్నే వెతికి పట్టుకునే ప్రొటీన్. ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారి 1975లో కోలర్, మిల్‌స్టైన్‌ అనే శాస్త్రవేత్తలు చూపారు, 1984లో నోబెల్ అందుకున్నారు. తమది మనిషి వంశం, పురుడు పోసుకున్నది మాత్రం హామ్‌స్టర్ అనే ఎలుకలాంటి జంతువు అండాశయ కణాల్లో!

పనితనానికి వంక పెట్టలేను. లేని శత్రువు వచ్చాడని చర్మాన్ని రెచ్చగొట్టి, దాదాపు నెల పట్టే కణాల ఎదుగుదలను నాలుగైదు రోజుల్లో తెమిల్చేసేవాళ్లలో ఇంటర్‌ల్యూకిన్-17ఎ అనే ఒంట్లోని సంకేత ప్రొటీన్ ముఖ్యుడు. తమరు సూటిగా వాడి నోరే నొక్కారు. అయితే కాండిడా ఫంగస్ రాకుండా కాపలా కాసే డ్యూటీ కూడా వాడిదే. రేపు నా నాలుక మీద తెల్లపూత కడితే తమకేం, కరపత్రంలో చిన్నక్షరాల్లో ముందే రాసుకున్నారు.

అసలు బాధ ఇదీ. మొదట వారం వారం అయిదుసార్లు, ఆపైన నాలుగు వారాలకోసారి. ఎన్నాళ్లండీ? ఆపేస్తే చాలామందికి మచ్చలు తిరిగొస్తాయట. అంటే జబ్బు ఇల్లు ఖాళీ చేయలేదు, గుడ్లు మిటకరించి కూర్చుంది. కాపలా జీతం ఇచ్చుకునేది నేను. ఇదే జబ్బుకు వాడే తమ దాయాది ఇంజెక్షన్ రిసాంకిజుమాబ్ గారైతే మొదటి రెండు మోతాదులయ్యాక 12 వారాలకోసారే దయచేస్తారు. పోలిక పెట్టానని అలగకండి.

ఆదివారం రాకకు ఎడమ తొడ సిద్ధం చేశాను. కుడివైపు పోయినసారి కందినచోటు ఇంకా సలుపుతోంది.

ఇట్లు,
తమ శాశ్వత చందాదారు